కేసు పోయిందా? కాయితం తెచ్చుకున్నారా?



రేషను కార్డు ఎక్కడుందంటే ఠక్కున చెబుతాం. పొలం పాసు పుస్తకం ఎక్కడుందంటే చెబుతాం. పొదుపు సంఘం పుస్తకం ఎక్కడుందన్నా చెబుతాం. మరి ఎప్పుడో మన మీద ఒక చిన్న కేసు పెట్టారు. అది పోయింది. పోయినట్టు కాయితం ఏదీ?

"కాయితం ఎందుకమ్మా? పెద్దమనుషుల్లో రాజీ అయిపోయిందిగా!" అంటారు చాలామంది.

చిక్కంతా అక్కడే ఉంది. ఊళ్లో తగువు తీరడం వేరు. కోర్టులో కేసు తీరడం వేరు. ఈ తేడా తెలియక ఎందరో ఇబ్బంది పడుతున్నారు. ఈ రోజు ఆ సంగతి చెప్పుకుందాం.

బోరింగు దగ్గర తగాదా

ఇది ఏ ఊళ్లో అయినా జరిగే కథ.

ఒక ఇంట్లో అత్త, ఇద్దరు కోడళ్లు. పెద్దకోడలికి పదహారేళ్ల కొడుకు. 2018 ఎండాకాలం. బోరింగులో నీళ్లు తగ్గాయి. బిందెల వరస దగ్గర మాటామాటా పెరిగింది. చెయ్యి కూడా లేచింది. పక్కవీధి ఆమె పెదవి చిట్లింది. ఆమె పోలీసు స్టేషనుకు వెళ్లింది. నలుగురి మీదా కేసు రాశారు. దారి అడ్డగించారు, తిట్టారు, చేత్తో కొట్టారు అని ఆ కేసు.

నెల తిరక్కముందే ఊరి పెద్దలు అందర్నీ రచ్చబండ దగ్గర కూర్చోబెట్టారు. మందుల ఖర్చు ఇప్పించారు. రెండు ఇళ్లవాళ్లూ మళ్లీ మాట్లాడుకున్నారు. ఆ ఇంట్లో పెళ్లి జరిగితే ఈ ఇంటివాళ్లు వెళ్లి వడ్డన కూడా చేశారు.

తగువు తీరింది. కాని కేసు తీరలేదు. పోలీసులు కోర్టులో ఛార్జిషీటు వేశారు. సమన్లు వచ్చాయి. వాయిదాకు రమ్మని కోర్టు పంపే కాయితమే సమన్లు.

పెద్దకోడలు ఏమనుకుంది? "రాజీ అయిపోయింది కదా, ఇంకా కోర్టేంటి?" అనుకుంది. వాయిదాకు వెళ్లలేదు. రెండుసార్లు, మూడుసార్లు వెళ్లలేదు. కోర్టు ఆమె మీద వారెంటు ఇచ్చింది. ఆ సంగతి ఆమెకు తెలియదు.

చిన్నకోడలు వెళ్లింది. కోర్టు వరండాలో ఎవరో చెప్పారు. "తప్పు ఒప్పుకో అమ్మా. ఐదొందలు కట్టెయ్. సాయంత్రానికి ఇంట్లో ఉంటావు" అని. ఆమె ఒప్పుకుంది. ఐదొందలు కట్టింది. ఇంటికొచ్చి స్నానం చేసి, పీడ వదిలింది అనుకుంది.

అత్తకు అప్పటికి చదువు రాదు. కాని అడగడం వచ్చు. కోర్టులో న్యాయ సేవా సంస్థ గది ఎక్కడుందో కనుక్కుంది. "అయ్యా, మేం రాజీ పడ్డాం. ఆ మాట కోర్టుకు ఎట్టా చెప్పాలి?" అని అడిగింది. వాళ్లు ఉచితంగా వకీలును ఇచ్చారు. పక్కవీధి ఆమెను కూడా వెంటబెట్టుకుని లోక్ అదాలత్‌కు వెళ్లింది. "మీ ఇష్టంతోనే రాజీ పడుతున్నారా?" అని జడ్జిగారు ఆమెను అడిగారు. ఆమె "అవునండీ" అంది. కాయితం చదివి వినిపించారు. ఇద్దరూ వేలిముద్రలు వేశారు. అత్త మీద కేసు ముగిసింది. అత్త ఆ తీర్పు నకలు అడిగి తెచ్చుకుంది. ట్రంకుపెట్టెలో పెట్టింది.

ఐదేళ్లు గడిచాయి.

పెద్దకోడలు కువైటు వెళ్లాలనుకుంది. కడప వైపు నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఎందరో ఆడవాళ్లు ఇంటి పనికి ఆ దేశం వెళ్తున్నారు. ఆమె పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టింది. పోలీసులు విచారణకు వచ్చారు. "నీ మీద కేసు ఉందమ్మా. వారెంటు కూడా ఉంది" అన్నారు. ఆమెకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

చిన్నకోడలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఆయా పనికి ఫారం నింపుతోంది. అందులో ఒక ప్రశ్న ఉంది. "మీకు ఏదైనా కేసులో శిక్ష పడిందా?" అని. "నాకు శిక్షేంటి? జైలుకు పోలేదుగా! ఐదొందలు కట్టానంతే" అంది.

అత్తకు మాత్రం ఏ చిక్కూ లేదు.

"అత్తా, నీకా కాయితం ఎట్టా దొరికింది?" అని కోడళ్లు అడిగారు.

"అడిగితే ఇచ్చారే. మీరు అడగలేదు" అంది అత్త.

ఒకటే తగాదా. ఒకటే కేసు. మరి ముగ్గురికీ మూడు రకాలుగా ఎందుకు అయింది? చూద్దాం.

పేరు ఎక్కడెక్కడ ఉంటుంది?

కేసు రాయగానే మన పేరు ఒక్క చోట ఉండిపోదు.

ఒకటి, పోలీసు స్టేషను. పూర్వం రిజిస్టరులో మాత్రమే రాసేవారు. ఇప్పుడు కంప్యూటరులో కూడా ఎక్కిస్తున్నారు. దేశంలోని స్టేషన్లను కలిపే ఈ ఏర్పాటుకు 2009లో కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. దాన్ని సీసీటీఎన్ఎస్ అంటారు. ఎఫ్.ఐ.ఆర్. అంటే స్టేషనులో మొదట రాసే కాయితం. దాన్ని 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆడవాళ్ల మీద జరిగిన లైంగిక నేరాల వంటి కేసుల్ని మాత్రం అలా పెట్టకూడదు.

రెండు, కోర్టు. అక్కడా రిజిస్టరు ఉంటుంది, కంప్యూటరూ ఉంటుంది. ప్రతి కేసుకూ పదహారు అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక నంబరు ఇస్తారు. దాన్ని సి.ఎన్.ఆర్. నంబరు అంటారు. ఆ నంబరు కొడితే కేసు ఏ దశలో ఉందో తెలుస్తుంది.

మూడు, వేలిముద్రలు, ఫొటోలు దాచే చోటు.

నాలుగు, విచారణ రిపోర్టు వెళ్లిన ఆఫీసు. అది పాస్‌పోర్టు ఆఫీసు కావచ్చు, ఉద్యోగం ఇచ్చే ఆఫీసు కావచ్చు.

కోర్టులో కేసు కొట్టేసినా, ఆ కబురు ఈ నాలుగు చోట్లకూ వెంటనే చేరుతుందని నమ్మకం లేదు. స్టేషను కంప్యూటరులో "పెండింగు" అనే మాట అలాగే ఉండిపోవచ్చు. అందుకే తీర్పు నకలు మనమే పట్టుకెళ్లి ఇవ్వాలి.

ఇంకో సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. ఒకసారి రాసిన ఎఫ్.ఐ.ఆర్.ను మామూలుగా చింపెయ్యరు. అది రిజిస్టరులో ఉంటుంది. కాని దాని ఎదురుగా ఫలితం రాసే గడి ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉంటే మనకు చిక్కు. అక్కడ "కేసు కొట్టివేశారు" అని ఉంటే మనకు రక్ష. కాబట్టి మనం చెయ్యాల్సిన పని ఆ గడి నింపించుకోవడం.

కేసు ఎన్ని రకాలుగా ముగుస్తుంది?

పోలీసులే విచారించి, నేరం జరగలేదని కోర్టుకు రిపోర్టు పంపవచ్చు. కోర్టు దాన్ని ఒప్పుకుంటే కేసు అక్కడితో ఆగుతుంది.

సాక్ష్యాలు విని, నిర్దోషి అని కోర్టు వదిలెయ్యవచ్చు.

రాజీకి వీలైన కేసయితే ఇద్దరూ కోర్టులో రాజీ పడవచ్చు. చేత్తో కొట్టడం, దారి అడ్డగించడం, ఇంకొకరి చోట్లో అక్రమంగా చొరబడడం వంటివి అలాంటివి. కోర్టులో రాజీ పడితే నిర్దోషిగా వదిలినట్టే లెక్క. అత్త చేసింది ఇదే. కాని అన్ని కేసులూ రాజీకి వీలైనవి కావు. అత్యాచారం కేసును ఏ రచ్చబండా రాజీ చెయ్యకూడదు. అలా రాజీ పడమని ఎవరైనా వత్తిడి చేస్తే ఒప్పుకోనక్కర్లేదు.

హైకోర్టు కేసును మొదట్లోనే కొట్టెయ్యవచ్చు. ఆంధ్రప్రదేశ్ వాళ్లకు అమరావతిలో, తెలంగాణ వాళ్లకు హైదరాబాదులో హైకోర్టు ఉంది.

ఇక చివరిది, శిక్ష. జైలు ఒక్కటే శిక్ష కాదు. జరిమానా కూడా శిక్షే. చిన్నకోడలికి తెలియనిది ఈ ఒక్క మాటే.

బైండోవరు అనే మాట కూడా విని ఉంటారు. గొడవలు చెయ్యమని తహశీల్దారు ముందు పూచీ రాయించుకుంటారు. అది శిక్ష కాదు. మామూలుగా ఏడాది వరకు ఉంటుంది. గడువులోపల గొడవ పడకపోతే దానితో సరి. ఆ కాయితం మీద గడువు తేదీ చదువుకుని దాచుకోండి.

పెద్దకోడలు ఏం చేసింది?

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అయింది ఆమె పని. అయినా దారి ఉంది.

ముందు వకీలు కావాలి. డబ్బు లేదు. కాని 1987లో చేసిన న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లందరికీ ఉచితంగా వకీలును ఇస్తారు. ఆదాయం ఎంత అని చూడరు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

వకీలు వెంట ఆమె తానుగా కోర్టుకు వెళ్లింది. వారెంటు తీసెయ్యమని దరఖాస్తు పెట్టింది. పోలీసులు పట్టుకెళ్లేదాకా ఆగడం కన్నా మనమే వెళ్లడం మంచిది. తర్వాత పక్కవీధి ఆమె కోర్టుకు వచ్చి రాజీ చెప్పింది. కేసు ముగిసింది.

ఇప్పుడు పెద్దకోడలు ఊరికే ఇంటికి రాలేదు. నకలు కోసం దరఖాస్తు పెట్టింది. కోర్టు ముద్ర ఉన్న నకలు తెచ్చుకుంది. ఒకటి స్టేషనులో ఇచ్చింది. ఒకటి పాస్‌పోర్టు ఆఫీసులో ఇచ్చింది. అసలుది పెట్టెలో పెట్టింది.

కేసు నడుస్తుండగానే విదేశం వెళ్లాల్సి వస్తే? కోర్టు అనుమతి తెచ్చుకుంటే పాస్‌పోర్టు ఇవ్వవచ్చని 1993లోనే కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. కాని కేసు ఉంటే లేదని ఫారంలో రాయకూడదు. తెలిసి అబద్ధం రాయడం పాస్‌పోర్టు చట్టం ప్రకారం నేరం. చిన్న కేసు దాచబోయి కొత్త కేసు తెచ్చుకున్నట్టవుతుంది.

చిన్నకోడలి సంగతేంటి?

ఆమెది కష్టమైన సంగతి. తప్పు ఒప్పుకుని జరిమానా కడితే, తప్పు చెయ్యలేదని అప్పీలు చేసుకునే వీలు ఉండదు. శిక్ష ఎక్కువైందని మాత్రమే అడగవచ్చు. మాట అర్థం కాకుండా ఒప్పించారని పైకోర్టులో చెప్పుకోవచ్చు గాని, ఆ దారి చాలా సన్నం.

ఇన్నేళ్లు మంచిగా ఉంటే పెద్దవాళ్ల శిక్షను రికార్డులోంచి తుడిచెయ్యాలి అనే చట్టం కొన్ని దేశాల్లో ఉంది. మన దేశంలో అందరికీ వర్తించే అలాంటి చట్టం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి.

అయితే ఆమె బతుకు అక్కడితో ఆగిపోదు. ఐదొందల జరిమానా పడినంత మాత్రాన పాస్‌పోర్టు ఆపరు. పెద్ద నేరానికి రెండేళ్లు, అంతకు మించి జైలు శిక్ష పడితే, ఆ తర్వాత ఐదేళ్లలోపు పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. ఉద్యోగం ఫారంలో ఆమె నిజమే రాయాలి. 2016లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఫారంలో అడిగిన కేసుల సంగతి నిజం చెప్పాలి అంది. కేసు ఎంత చిన్నదో చూసి ఉద్యోగం ఇచ్చేవాళ్లు నిర్ణయించాలి అని కూడా అంది. కాబట్టి ఆమె నిజం రాసి, తీర్పు నకలు జతచేసింది. "బోరింగు దగ్గర తగాదా. జరిమానా కట్టాను. మళ్లీ ఏ కేసూ లేదు" అని కింద రాసింది. సొంత చేత్తో రాసింది.

కోర్టులో ఆ రోజు ఆమె ఇంకేం చేసి ఉండవచ్చు? "నాకు వకీలు కావాలి" అనవచ్చు. "ఇంటికెళ్లి ఆలోచించి వాయిదాకు వస్తాను" అనవచ్చు. నేరం రుజువైనా సరే, చిన్న తప్పుకు, మొదటి తప్పుకు, మందలించి వదలమని అడగవచ్చు. 1958లో చేసిన ప్రొబేషన్ చట్టం ఉన్నది అందుకే. మందలించి గాని, మంచి నడవడి పూచీ మీద గాని వదిలితే, ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హత ఉండదని ఆ చట్టంలోనే రాసి ఉంది. కేసు జరగలేదని మాత్రం కాదు. ఫారంలో అడిగితే అప్పుడూ నిజమే రాయాలి.

పిల్లవాడి కేసు

తల్లులు ఇది శ్రద్ధగా చదవాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని పెద్దల కోర్టుకు తీసుకెళ్లకూడదు. వాళ్ల కేసు జిల్లాలో ఉండే బాలల న్యాయ మండలికి వెళ్తుంది. దాన్ని జువైనల్ జస్టిస్ బోర్డు అంటారు.

పిల్లలకు చట్టం కొత్త బతుకు ఇస్తుంది. 2015లో చేసిన చట్టం 24వ సెక్షను ప్రకారం, చిన్నప్పటి కేసు వల్ల పెద్దయ్యాక ఏ అనర్హతా ఉండదు. అప్పీలు గడువు అయ్యాక, లేదా తగినంత కాలం గడిచాక, ఆ రికార్డును నాశనం చెయ్యాలి. పెద్దవాళ్లకు లేని తుడిచివేత పిల్లలకు ఉంది. పదహారేళ్లు దాటినవాళ్లు ఘోర నేరం చేసి, పెద్దవాళ్లలాగా విచారణకు వెళ్తే మాత్రం ఇది వర్తించదు.

చిన్నప్పటి కేసు చూపించి ఉద్యోగం ఇవ్వకపోవడం తప్పని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. మన కథలో పిల్లవాడు ఇప్పుడు కానిస్టేబులు పరీక్షకు చదువుతున్నాడు. వాళ్లమ్మ అతని పుట్టినతేదీ కాయితం, బోర్డు ఇచ్చిన ఉత్తర్వు కలిపి దాచింది. తగాదా నాటికి పద్దెనిమిది నిండలేదని చెప్పేది ఆ పుట్టినతేదీ కాయితమే.

వేలిముద్రల మాట

కేసులో వేలిముద్రలు, ఫొటో తీసుకుని ఉంటే? 2022లో చేసిన చట్టం ప్రకారం వాటిని 75 ఏళ్ల వరకు దాచవచ్చు. కాని అంతకుముందు ఏ శిక్షా పడనివాళ్లు నిర్దోషిగా బయటపడితే, అప్పీళ్లు కూడా అయిపోయాక, వాటిని నాశనం చెయ్యాలి. మేజిస్ట్రేటు కారణం రాసి ఉంచమంటే మాత్రమే ఉంచాలి. స్టేషనుకు రాసే అర్జీలో ఈ మాట కూడా రాయండి.

దళారీలను నమ్మకండి

"పదివేలు ఇవ్వు, కంప్యూటరులో నీ పేరు తీసేయిస్తా" అని చెప్పేవాళ్లు ఉంటారు. నమ్మకండి. కోర్టు తీర్పు లేకుండా ఎవరూ కేసును మాయం చెయ్యలేరు. చేశామన్నా అది దొంగపని. డబ్బు పోతుంది. కేసు అలాగే ఉంటుంది. దొంగ కాయితం చేతికిస్తే ఇంకో కేసు కూడా వస్తుంది.

అర్జీ ఇలా రాయండి

స్టేషన్ హౌస్ ఆఫీసరు గారికి,
............ పోలీసు స్టేషను.

అయ్యా,
నా పేరు ............ భర్త / తండ్రి పేరు ............ ఊరు ............
నా మీద ............ సంవత్సరంలో మీ స్టేషనులో క్రైం నంబరు ............ గా కేసు రాశారు. ఆ కేసు ............ కోర్టులో సి.సి. నంబరు ............ గా నడిచింది. ............ తేదీన కోర్టు కేసు ముగించి నన్ను వదిలింది. తీర్పు నకలు జతచేస్తున్నాను. మీ రిజిస్టరులో, కంప్యూటరులో ఈ ఫలితం రాయవలసిందిగా కోరుతున్నాను. నా వేలిముద్రలు, ఫొటో తీసి ఉంటే చట్ట ప్రకారం నాశనం చేయవలసిందిగా కోరుతున్నాను.

తేదీ ............                సంతకం ............

రెండు కాయితాలు రాయండి. ఒకటి వాళ్లకు ఇవ్వండి. రెండోదాని మీద ముట్టినట్టు సంతకం, ముద్ర, తేదీ వేయించుకోండి. స్టేషనులో తీసుకోకపోతే జిల్లా పోలీసు సూపరింటెండెంటు గారికి స్పీడు పోస్టులో పంపండి. హైదరాబాదు వంటి నగరాల్లో ఉండేవాళ్లు పోలీసు కమిషనరు గారికి పంపాలి. పోస్టు రసీదు పారెయ్యకండి. నెల తర్వాత ఏమైందో అడగండి. చెప్పకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు ఫీజు కట్టనక్కర్లేదు.

కాయితం మీద నంబర్లు చూసి భయపడకండి. 2024 జూలై 1 నుంచి కొత్త నేర చట్టాలు వచ్చాయి. చేత్తో కొట్టిన కేసుకు పాత చట్టంలో సెక్షను 323. కొత్త చట్టంలో 115. పాత తగాదాల కాయితాల మీద పాత నంబరే ఉంటుంది.

గుర్తుంచుకోండి

రచ్చబండ రాజీ కోర్టుకు తెలియదు. మనమే వెళ్లి చెప్పాలి.

సమన్లు వస్తే వాయిదాకు తప్పకుండా వెళ్లాలి.

జరిమానా కూడా శిక్షే. వకీలును అడగకుండా తప్పు ఒప్పుకోవద్దు.

ఆడవాళ్లకు వకీలు ఉచితం. ఫోను నంబరు 15100.

కేసు ముగిసిన రోజే నకలుకు దరఖాస్తు పెట్టాలి.

ఫారంలో అబద్ధం రాయకూడదు.

చదవని కాయితం మీద సంతకం పెట్టకూడదు.

చర్చించండి, రాయండి

1. అత్త, పెద్దకోడలు, చిన్నకోడలు ముగ్గురిలో ఎవరు ఏం చేశారు? మీ మాటల్లో చెప్పండి.

2. మీ ఊళ్లో రచ్చబండ రాజీతో ఆగిపోయిన కేసులు ఉన్నాయా? కోర్టులో అవి ఏ దశలో ఉన్నాయో ఎలా కనుక్కుంటారు?

3. పైన ఉన్న అర్జీని మీ నోటు పుస్తకంలో రాయండి. ఖాళీలు మీరే నింపండి.

4. ఈ రాత్రి ఇంట్లో పెట్టె తెరవండి. కాయితాలన్నీ బయటికి తీసి, ఒక్కొక్కటి పైకి చదవండి. కోర్టు ముద్ర ఉన్నది కనిపిస్తే విడిగా ఒక కవరులో పెట్టి, కవరు మీద అది ఏమిటో మీ చేత్తో రాయండి.